పొయ్యిలో కాల్చిన పిడికిలి

అది 1996వ సంవత్సరం, నవంబరు నెల మొదటి శనివారం. తెల్లవారినది మొదలు సన్నని వాన. మధ్యాహ్నానికి ఆ వానలో మంచుపలుకులు కలిసి, మా ఊరు హార్లెస్ ఫోర్క్ వీధిలో నడిచే ప్రతివారి టోపీ మీదా గుప్పెడు నూకలు చల్లినట్టు చప్పుడు చేయసాగాయి. ఎప్పుడు, ఎక్కడ అనే రెండు మేకులు గట్టిగా దిగగొట్టనిదే కథ గోడకు వేలాడదని మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ మాట నేనే తప్పితే బాగుండదు.

ఆ సమయానికి నేను డెంజిల్ స్పర్లాక్ హార్డ్‌వేర్ షాపులో పొయ్యి పక్కన నిలబడి ఉన్నాను. పొగగొట్టానికి వంపు ముక్క ఒకటి కావలసి వెళ్లాను. అది కొనడం ఎప్పుడో అయిపోయింది. అయితే కొనవలసింది కొన్నాక మరికొంత సేపు నిలబడడం మా పశ్చిమ వర్జీనియా కొండల్లో మర్యాద. వెంటనే బయలుదేరేవాణ్ణి చూస్తే ఇంట్లో ఏదో అంటుకుందనుకుంటారు.

తలుపు గంట మోగింది. డెల్ఫియా టాకెట్ లోపలికి వచ్చింది. పొడవాటి మనిషి, భుజాలు కొద్దిగా ముందుకు వంగినా నడకలో తొట్రుపాటు లేదు. మా ఊరి నీటి సరఫరా సంఘంలో మీటరు రీడింగు తీసే పని ఆమె పెళ్లయిన కొత్తలో పట్టింది, జుట్టు పూర్తిగా నెరిసేదాకా వదల్లేదు. ఏ వాగు వెంట ఏ ఇల్లుందో, ఏ ఇంటి కుక్క మొరుగుతుందో, ఏది మొరగకుండా కరుస్తుందో ఆమెకు తెలిసినంతగా ఎన్నికలకు నిలబడినవారికి కూడా తెలియదు. అప్పటికి ఉద్యోగం మానేసి రెండేళ్లు, భర్త హోబర్ట్ పోయి అయిదేళ్లు.

ఆమె టోపీ విదిలించి, కోటు లోపలి నుంచి గళ్ల తువ్వాలులో చుట్టిన మూట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

“డెంజిల్, చేతులు తుడుచుకుని ఇలా రా.”

“ఏం తెచ్చారు మిస్ డెల్ఫీ? ఆపిల్ కేకా?”

“నీ పొట్టకు ఇంకా కేకులొకటి! బొత్తాలే భరించలేకపోతున్నాయి పాపం. ఇది అమ్మిపెట్టు.”

తువ్వాలు విప్పితే అందులో ఆమె రివాల్వర్. అయిదు తూటాలు పట్టే చిన్నది, పొట్టి గొట్టంది, కోటు జేబులో ఉంటే రుమాలో రివాల్వరో పోల్చలేనిది. ఆమెతో పాటు వాగులన్నీ దాటి, ముళ్లకంచెలన్నీ ఎక్కిదిగినది. పిచ్చి నక్కలు, రాళ్ల కింద తాచులాంటి పాములు ఉండే తావుల్లో ఒంటరిగా తిరిగే ఆడమనిషికి అటువంటిది జేబులో ఉండడం మా ఊళ్లో గొడుగు ఉండడంతో సమానం. గొట్టం చివర తోలు ఒర రాపిడికి నల్లరంగు పోయి వెండిలా మెరుస్తోంది. లోపలి స్ప్రింగు ఒకసారి మార్చారు. తక్కినదంతా కొన్ననాటిదే.

మా దగ్గర తుపాకిని మరొకరి చేతికివ్వడానికి ఒక పద్ధతి ఉంది. సిలిండరు తెరవాలి, తూటాలు తీసి జేబులో వేసుకోవాలి, ఖాళీ గదులను వెలుతురుకు చూపాలి, అప్పుడు పిడి అవతలివారి వైపు తిప్పి ఇవ్వాలి. తాగి ఉన్నవాడైనా ఈ క్రమం తప్పడు. ఆమె కూడా తప్పలేదు. కాని సిలిండరు తెరవడానికి ఆమెకు రెండు చేతులూ కావలసి వచ్చాయి, అవీ చాలక రివాల్వర్‌ను పొత్తికడుపుకు ఆనించుకుని పళ్లు బిగించింది. అప్పుడు చూశాను ఆమె వేళ్లు. కణుపు కణుపునా వాచి, అల్లం కొమ్ముల్లా ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఇన్నేళ్లు వానలోనూ మంచులోనూ మీటర్ల మీది ఇనుప మూతలు ఎత్తి దించిన చేతులు మరి.

“ఎందుకమ్మడం?” అన్నాడు డెంజిల్. అతని గొంతులో వేళాకోళం పోయింది.

“ఎందుకేమిటి, పట్టుకోలేక. పోయిన ఆదివారం కోళ్ల గూడు దగ్గరికి నక్కొచ్చింది. తీశాను. ఇదిగో ఈ వేలు కాస్తా ట్రిగ్గరు దగ్గర ఇరుక్కుపోయింది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. నక్క నావంక చూసింది. అయ్యో ముసల్ది అనుకుందో ఏమిటో, తీరిగ్గా మంచి పెట్టనే ఎంచుకుని మరీ ఎత్తుకుపోయింది.”

“నక్కక్కూడా రుచి తెలుసన్నమాట.”

“నవ్వకు. నేను పట్టుకోలేని తుపాకి నా దగ్గరుంటే భయపడాల్సింది నక్క కాదు, నేను. హోబ్ ఉంటే వాడే ఈ మాట అనేవాడు. తీసుకో. వద్దన్నావంటే వాగులో పడేస్తా.”

వాగులో పడేస్తానన్నది గానీ, తువ్వాలు అంచు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. రివాల్వర్ అంటే ఆమెకు పెద్ద మోజు ఉండేదని కాదు. హోబర్ట్ ఇంట్లోని ప్రతి వస్తువునూ వాడి చూశాడు, బాగుచేశాడు, పాడుచేశాడు. కాని ప్రతి శనివారమూ భోజనం బల్ల దగ్గర కూర్చుని ఒళ్లు దగ్గర పెట్టుకుని తుడిచి నూనె రాసింది దీనికొక్కదానికే. అది అమ్మేస్తే ఆ ఇంట్లో శనివారం అనే వారమే ఉండదు. ఇది డెంజిల్‌కూ తెలుసు, నాకూ తెలుసు.

“అమ్మడం ఎంతసేపు! ముందు పిడి మార్చి చూద్దాం,” అన్నాడతను. “పట్టు కుదరకపోతే తుపాకి అమ్ముకుంటారా ఎవరైనా? చెప్పు కరిస్తే కాళ్లు అమ్ముకున్నట్టు.”

బల్ల కింద నుంచి పిడుల సొరుగు లాగాడు.

ఆ సొరుగు గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. మా ఊళ్లో తుపాకిని ఎవరూ తేలిగ్గా మార్చరు. తాత వాడింది మనవడు వాడతాడు. మారేది పిడి ఒక్కటే. చెయ్యి మనిషి మనిషికీ వేరు కదా! ఇంకొకటి వేయించుకున్నవాడు పాతదాన్ని డెంజిల్ సొరుగులో పడేస్తాడు. కావలసినవాడు అందులో వెతుక్కుంటాడు. తీసుకున్నవాడు ఏదో ఒకటి పెట్టి పోవాలి, అంతే నియమం. రబ్బరువి, కర్రవి, ఎముకవి, ముత్యంలా మెరిసే ప్లాస్టిక్‌వి, అన్నీ జతలు జతలుగా దారంతో కట్టి ఉంటాయి. పిడి, పిడికిలి ఒకే ఇంటి మాటలు. ఆ సొరుగును చూసినప్పుడల్లా ఊరి పిడికిళ్లన్నీ ఒకచోట పడుకుని ఉన్నట్టు నాకు అనిపించేది. కొన్నింటి మీద మనిషి పోయినా బొటనవేలి నున్నదనం మిగిలే ఉండేది.

డెంజిల్ స్క్రూ విప్పి, రివాల్వర్‌కున్న చిన్న పిడిని తీశాడు. అది కొన్నప్పుడు వచ్చిందే: రెండు పల్చని కర్ర చెక్కలు, కింద చిటికెనవేలికి చోటు లేనివి, ఇనుప వెన్నును కప్పనివి. జేబులో ఒదుగుతుంది గాని పేలిస్తే ఇనుము తిన్నగా అరచేతిని తంతుంది. దాని స్థానంలో మెత్తటి రబ్బరు పిడి ఒకటి బిగించి ఇచ్చాడు.

“ఇది చూడండి. తన్ను తెలియనే తెలియదు.”

ఆమె పట్టుకుని చూసింది, తల ఊపింది, కోటు జేబులో పెట్టుకుని బయటికి లాగింది. రివాల్వర్‌తో పాటు జేబు లోపలి గుడ్డ మొత్తం నాలుకలా బయటికి వచ్చింది.

“బాగుంది. ముందు కోటును కాల్చి తర్వాత నక్కను కాల్చమంటావా?”

“రబ్బరు కదా, పట్టుకుంటుంది.”

“పట్టుకోవాల్సింది నేనా, అదా?”

తర్వాత వేళ్లకు గాళ్లు చెక్కినది. ఆమె వాచిన కణుపులు సరిగ్గా గాళ్ల మధ్య గట్ల మీద కూర్చున్నాయి. “ఇది ఎవడి చేతికి చేశారో వాడికిచ్చెయ్. నాకు మాత్రం దువ్వెన పళ్ల మధ్య చెయ్యి పెట్టినట్టుంది.” తర్వాత ముత్యపు రంగుది. దాన్ని ముట్టుకోనే లేదు. “సర్కస్ ఎప్పుడొస్తోంది మన ఊరికి?” అని అడిగింది. సన్నవి పట్టుకుంటే వేళ్లు పూర్తిగా ముడుచుకోవాలి, ముడుచుకోవు. నొప్పికి ఆమె కళ్లు చికిలించేది. లావువి పట్టుకుంటే జారేవి. సొరుగు అడుగు కనిపించేదాకా వచ్చింది. డెంజిల్ నుదురు తుడుచుకున్నాడు.

“అవన్నీ సరే మిస్ డెల్ఫీ, హోబ్ చేసిన అక్రోటు పిడి ఏదీ?”

ఆమె పొయ్యి వైపు చూసింది.

ఆ అక్రోటు పిడి ఊరంతటికీ తెలుసు. తెలియకుండా హోబర్ట్ ఊరుకుంటే కదా! అతను కామల మిల్లులో పనివాడు. గొడ్డలి కామలు, సుత్తి కామలు హికరీ అనే గట్టి కర్రతో చెక్కడం అతని వృత్తి. మిల్లులో కామలకు మూడు లావులుండేవి. కుర్రవాళ్లు సన్నది అడుగుతారనీ, ముసలివాళ్లు కళ్లు మూసుకుని లావుది పట్టుకుపోతారనీ అతనే నాకు చెప్పాడు. భార్యకు మీటర్ల ఉద్యోగం వచ్చి, ఆమె రివాల్వర్ కొనుక్కున్న ఏడు, క్రిస్మస్‌కు ఆమె చేతికి అచ్చంగా సరిపోయే పిడి చేయాలని నిశ్చయించుకున్నాడు. చెప్పకుండా చేయాలి. కొలత ఎలా? ఒకరోజు ఆమె రొట్టెపిండి కలుపుతూంటే, “ఏదీ, ఆ ముద్ద ఒకసారి గట్టిగా పిసుకు చూద్దాం, నీ బలమెంతో,” అన్నాడట. ఆమె పిసికి పడేసింది. నాలుగు వేళ్ల గుర్తులు, బొటనవేలి గుర్తు, అరచేతి వంపు స్పష్టంగా పడ్డాయి. ఆ ముద్దను దొంగతనంగా ఎత్తుకుపోయి, అచ్చు చెడిపోకుండా గట్టిపడాలని పొయ్యిలో పెట్టి కాల్చాడు. కాలిన ముద్దను ఎదురుగా పెట్టుకుని, వేలికి వేలు, వంపుకు వంపు, నల్ల అక్రోటు కర్రలో దించాడు.

“నా పెళ్లాం పిడికిలిని పొయ్యిలో కాల్చినవాణ్ణి నేనొక్కణ్ణే!” అని మంగలి షాపులో చెప్పుకుని తిరిగాడు. మేమంతా నవ్వాం, మెచ్చుకున్నాం. ఈస్టు కలిపిన పిండి పొయ్యిలో పొంగుతుందన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ షాపులో కూర్చున్నవారిలో ఎవరూ రొట్టె తినడమే గాని చేసినవారు కాదు.

డెల్ఫియా చేతిసంచిలోంచి గుండీల డబ్బా ఒకటి తీసింది. మూత తనకు రాక నాకిచ్చింది. గుండీల మధ్య, ఉన్నిగుడ్డలో చుట్టి, అక్రోటు చెక్కలు రెండు. కొత్తగా ఉన్నాయి. అంతకాలం వాడిన కర్ర చెమటకూ నూనెకూ నల్లబడి అద్దంలా ఉండాలి. ఇవి నిన్ననే చెక్కినట్టున్నాయి.

“ఇది నేను వాడలేదు డెంజిల్,” అందామె. “ఒక్కరోజు వాడాను, ఒక్కరోజంటే ఒక్కరోజు. పండగ కానుక ఇచ్చినప్పుడే తెలిసింది, దీన్ని పట్టుకోవాలంటే నాలాంటిదాని చెయ్యి ఇంకోటి అతకాలని. కానీ హోబ్ మొహం చూడాలి నువ్వు! అచ్చం గుడ్డు పెట్టిన కోడి. ‘ఎలా ఉందే?’ అన్నాడు. ‘కొలిచినట్టుంది’ అన్నాను. ఆ ముక్క నోట్లోంచి వచ్చేశాక ఇంక వెనక్కెలా తీసుకోను?”

“ఆ ఒక్కరోజు ఏమయింది?” అన్నాను నేను.

“లారెల్ వాగు మీద ఆఖరి ఇల్లు ఉంది చూశారూ మేష్టారూ, ఆ ముసలాయన కుక్కకు పిచ్చెక్కింది. నురగలు కక్కుకుంటూ నా మీదికొచ్చింది. తీశాను. ఈ పిడి చేతిలో గిర్రున తిరిగిపోయింది, సబ్బుముక్కలా. మొదటిది కోడిపుంజుకు తగిలింది.”

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ‘పుంజును కాల్చాను’ అని ఆమె అనలేదు. ‘పుంజుకు తగిలింది’ అన్నది. కర్తను పక్కకు తప్పించే ఇటువంటి వాక్యాలను పిల్లల కాగితాల్లో నేను ఎర్రసిరాతో గీటు పెట్టేవాణ్ణి. కాని మనుషులు ఎన్నటికీ వదులుకోని సదుపాయం అది. ఆరోజు నేను దిద్దలేదు.

“పుంజు పోయిందా?” అన్నాడు డెంజిల్.

“పోక? రెండో గుండుకు కుక్క పడింది. ముసలాయన బయటికొచ్చి, కుక్కను చూసి దణ్ణం పెట్టాడు, పుంజును చూసి నన్ను తిట్టాడు. మా పెట్టల్లో మంచిదాన్ని తీసుకెళ్లి ఇచ్చొచ్చాను. హోబ్‌తో మటుకు మొదటి గుండుకే కుక్క పడిందని చెప్పాను. ‘చూశావా, పిడి మహిమ!’ అని మిల్లంతా చాటేశాడు. ఇంకేం చెప్పను నా మొహం!”

ఆ తర్వాత ఆమె చేసిన ఏర్పాటు ఇది. పొద్దున బయలుదేరినప్పుడు రివాల్వర్‌కు అక్రోటు పిడి ఉంటుంది. మిల్లు మలుపు తిరగగానే జీపు ఆపి, ముందున్న అరలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, పిడి మార్చేది. రోజంతా పాత చిన్న పిడి. సాయంత్రం అదే మలుపు దగ్గర మళ్లీ ఆగి అక్రోటుది బిగించి ఇంటికి పోయేది. వానైనా, మంచైనా, జ్వరమైనా సరే. శనివారం హోబర్ట్ తుడుస్తూ, “చూడవే, ఇన్నేళ్లయినా కర్ర ఎలా ఉందో! నేను పూసిన నూనె మహిమ,” అనేవాడు. ఆమె గిన్నెలు కడుగుతూ, “అవును మరి,” అనేది.

“వాడు పోయాక విప్పేసి ఇందులో పెట్టాను,” అందామె గుండీల డబ్బా చూపించి. “బిగించుకుంటే అబద్ధం చెప్పినట్టుంటుంది, పారేస్తే వాణ్ణి పారేసినట్టుంటుంది. ఇన్నేళ్ల కాపురంలో వాడి దగ్గర నేను దాచింది ఇదొక్కటే డెంజిల్. చెప్పేసి ఉండాల్సింది. చెబుదామనుకునేలోపే వాడు...”

ఆ అక్రోటు చెక్కలు కూడా రివాల్వర్‌తో పాటే ఇచ్చేయడానికే తెచ్చిందని అప్పుడు అర్థమయింది నాకు.

డెంజిల్ ఆమె వంక వింతగా చూస్తున్నాడు. తర్వాత గిరుక్కున తిరిగి, గోడకున్న చిన్న చిన్న అరల్లో అన్నిటికన్నా పై అర లాగి, వేలితో తడిమి, కాగితప్పొట్లం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఒక్కటే స్క్రూ ఉంది. పొట్టిది, నల్లది.

“ఇదేమిటో తెలుసా?”

“స్క్రూ. నాకు వచ్చిన జబ్బు కళ్లకు కాదు.”

“పిడికి వేసే స్క్రూ. ఇది మీ హోబ్ కోసం తెప్పించి పెట్టింది. ఏడాదికోసారి వచ్చి ఒకటి పట్టుకెళ్లేవాడు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ. మన ఊళ్లో జన్మలో ఒకసారైనా పిడి స్క్రూ కొనేవాడు లేడు, ఈయనకేమిటీ తెగులని అడిగానొకసారి. ‘మా ఇంట్లో తొందరగా అరిగిపోతాయి’ అన్నాడు.”

డెల్ఫియా ఆ స్క్రూను దగ్గరికి తీసుకుని చూసింది.

“ఎలా అరుగుతాయి అన్నాను. ‘రోజుకు రెండుసార్లు విప్పి బిగిస్తే నీ తల కూడా అరుగుతుంది’ అన్నాడు. అప్పుడు చెప్పాడు. ఆ మొదటి వేసవిలోనే చూశాట్ట, స్క్రూ గాడి నలిగిపోయి ఉండడం. ఒక శనివారం నూనె రాస్తూ చూసుకుంటే కర్రకు ఒక్క చెమట మరక లేదు. కామలు చేసేవాడికి అది తెలియదా?”

“తెలుసా? వాడికి తెలుసా?”

“మరి ఇంకోటి చిన్నది చెయ్యొచ్చుగా హోబ్, అన్నాన్నేను. ఏమన్నాడో తెలుసా? ‘ఇంకోటి చేస్తే ఇది కుదరలేదని అది ఒప్పుకోవాల్సొస్తుందిరా. పాపం రోజూ మలుపు దగ్గర చలిలో దిగి ఎంత కష్టపడి దాస్తోంది! దాని కష్టం నేను వృథా చెయ్యనా?’ అని, స్క్రూ జేబులో వేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు. పాతది తీసి కొత్తది వేస్తే మీకు విప్పడం తేలికవుతుందట.”

ఆమె పక్కనే ఉన్న మేకుల పీపా మీద కూర్చుంది. పైకప్పు మీద మంచుపలుకుల చప్పుడు వినిపిస్తోంది.

“ముదనష్టపు ముసలోడు,” అందామె చివరికి. “మలుపు దగ్గర నేను గడ్డకట్టుకుపోతుంటే, వీడు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుకుంటున్నాడన్నమాట! ఉండనీ, పైకెళ్లాక చెబుతాను.” నవ్వుతోంది, వాచిన వేలి వెనుక భాగంతో కళ్లు తుడుచుకుంటోంది. ఆ రెండు పనులూ ఒకేసారి చేయగలిగినవారిని చూసి నేను ఎప్పుడూ ఆశ్చర్యపడతాను.

డెంజిల్ అక్రోటు చెక్కలు రెండూ రివాల్వర్‌కు అటూ ఇటూ ఆనించి, హోబర్ట్ కోసం తెప్పించిన ఆ చివరి స్క్రూతో బిగించాడు. సిలిండరు తెరిచి, ఖాళీ అని వెలుతురుకు చూపి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు.

“ఇంతవరకు వచ్చాక దీన్ని మాత్రం ఎందుకు వదలడం? పట్టుకోండి.”

ఆమె ఇష్టం లేనట్టే అందుకుంది. తర్వాత ఆమె ముఖంలోకి మెల్లగా ఒక అనుమానం వచ్చింది. చెయ్యి తిప్పి చూసుకుంది. లావుపాటి ఆ పిడి మీద వేళ్లు సగం ముడుచుకుంటే చాలు. అంతకు మించి ముడుచుకోవలసిన పని లేదు, అవి ముడుచుకోలేవు కూడా. ప్రతి కణుపు వాపూ ఒక వంపులో వెళ్లి కూర్చుంది. సన్న పిడి పట్టుకున్నప్పుడు లోపలికి చొచ్చుకుపోయి ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీకి ఇరుక్కునే చూపుడువేలు, ఇప్పుడు వెనక్కి జరిగి, కొనతో ట్రిగ్గరును తాకుతోంది. పొయ్యిలో పొంగిన రొట్టెముద్దా, వానలో వాచిన చెయ్యీ ఇన్నేళ్లకు ఒక కొలతకు వచ్చాయి.

“ఎలా ఉంది?” అన్నాడు డెంజిల్.

ఆమె కొంచెం ఎత్తింది, దించింది, కోటు జేబులో పెట్టి తీసింది. జేబు గుడ్డ లోపలే ఉండిపోయింది. నున్నటి కర్ర కదా!

“కొలిచినట్టుంది,” అంది. “ఈసారి నిజంగా.”

మాట నమ్మేవాడు కాదు డెంజిల్. షాపు వెనక వాగు గట్టు ఉంది. మట్టిగోడలా నిలువుగా ఉంటుంది, అవతల ఇళ్లు లేవు. గట్టు అంచున ఖాళీ రంగు డబ్బా ఒకటి పెట్టి వచ్చాడు. వానలో ముగ్గురం నిలబడ్డాం. ఆమె జేబులోంచి తీసి ఇచ్చిన తూటాలు డెంజిల్ నింపిపెట్టాడు, నేను గొడుగు పట్టాను. ఆమె రెండో చేతిని కింద ఆసరాగా పెట్టి నెమ్మదిగా ట్రిగ్గరు లాగింది. చప్పుడు కొండకు తగిలి తిరిగివచ్చింది. డబ్బా కదల్లేదు.

“పుంజు ఉందేమో చూడరా డెంజిల్,” అందామె.

రెండోసారి పేల్చింది. డబ్బా ఎగిరి వాగులో పడి తేలుతూ పోయింది. ఆమె చెయ్యి దించి అరచెయ్యి చూసుకుంది. ఎర్రబడలేదు. ఇంకొకసారి పేల్చనా అని అడిగింది, డబ్బా లేకపోయినా.

వెళ్లేముందు పాత చిన్న పిడిని దారంతో కట్టి తానే సొరుగులో పడేసింది. “ఎవరికైనా చిన్న చెయ్యి ఉంటే తీసుకుంటారు,” అంది. రివాల్వర్‌ను కోటు జేబులో వేసుకుని, తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని, టోపీ సర్దుకుంది. మేం గుమ్మం దాకా వచ్చాం. ఆమె జీపు మిల్లు మలుపు వైపు పోవడం తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. మలుపు దగ్గర వెనక ఎర్రదీపాలు వెలిగాయి. అలవాటు కొద్దీ బ్రేకు వేసినట్టుంది. ఒక్క క్షణం. తర్వాత ఆగకుండా తిరిగి కనుమరుగయింది.

ఆ తర్వాత ఆమె ఆ ఇంట్లోనే ఇంకా కొన్నేళ్లుంది. నక్కల సంగతి ఆమెనడిగితే, “వాటికి కబురు అందింది,” అనేది. నీటి సరఫరా సంఘం వాళ్లు మీటర్లను కంప్యూటరుకు కలిపేశాక, రీడింగు తీసేవారు వాగుల వెంట తిరగడం మానేశారు. కామల మిల్లు మూతపడింది. మెట్లు ఎక్కడం కష్టమయ్యాక ఆమె ఒహైయోలో ఉన్న చెల్లెలు కోర్డియా ఇంటికి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి నాకు రాసిన ఉత్తరం నా దగ్గరుంది. కామాలు ఎక్కడా లేవు. ఆ కాగితం మీద నేను పెట్టలేదు, చదివేవారి ఊపిరి కోసం ఇక్కడ మాత్రం పెడుతున్నాను.

“మార్చి 9, 2008

మేష్టారు గారికి,

మీరు ఎర్రసిరా పట్టుకుని చదువుతారని తెలుసు, అయినా రాస్తున్నాను. ఇక్కడ అంతా చదును. కొండ లేదు, వాగు లేదు. పొద్దు ఎక్కడ పొడుస్తుందో, ఎక్కడ కుంకుతుందో ఇంట్లోంచే కనిపిస్తుంది. నాకది ఏదో సిగ్గులేనట్టుగా ఉంటుంది. కోర్డియా రొట్టెలు బాగా చేస్తుంది గానీ ఉప్పు ఎక్కువ. మొన్న పిండి కలుపుతుంటే చెయ్యి పెట్టి ఒక ముద్ద పిసికాను. ఏం చేస్తున్నావే అని తిట్టింది. ఏం లేదన్నాను.

మీరు చేతుల గురించి అడిగారు. వాపులు తగ్గాయి. డాక్టరు కొత్త మందులిచ్చాడు, దాంతో పాటు ఒళ్లు కూడా తగ్గింది. చేతులు ఎంత సన్నబడ్డాయంటే ఉంగరం దారం చుట్టి పెట్టుకోవాల్సొచ్చింది. హోబ్ చేసిన పిడి మళ్లీ పెద్దదైపోయింది, అచ్చం ఆ మొదటి క్రిస్మస్ రోజులా. చేతిలో గిర్రున తిరుగుతోంది. తూటాలు తీసేసి వేరే డ్రాయర్లో పెట్టి తాళం వేశాను, కంగారు పడకండి. కాల్చడానికి ఇక్కడ నక్కలు కూడా లేవు, ఉన్నవి చెత్తడబ్బాల చుట్టూ తిరిగే పిల్లులే. కోర్డియా కూతురు చూసి, పాపం మంచి పిల్ల, బజారుకెళ్లి చిన్న రబ్బరు పిడి కొనుక్కొచ్చింది. నాకెందుకే అని దాని చేతికే ఇచ్చేశాను.

శనివారం శనివారం బల్ల దగ్గర కూర్చుని నూనె రాస్తున్నాను. కర్ర బాగా నల్లబడింది మేష్టారూ. మీరు చూస్తే గుర్తుపట్టరు. బొటనవేలి దగ్గర గాజులా మెరుస్తోంది.

డెంజిల్ కనిపిస్తే ఒక్కమాట చెప్పండి. ఆరోజు వాడు బిగించిన స్క్రూ ఇప్పటికీ అదే. గాడి కొత్తదానిలా ఉంది.

డెల్ఫియా టాకెట్”